దోమల మేడం

రేపల్లెలో ఆవిడని సమాధి చేసిన రోజు పాస్టరుగారు ఆవిడ శాంతమూర్తి అన్నారు. జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ, చీమకి కూడా హాని తలపెట్టలేదనీ అన్నారు. పాస్టరుగారు వయసులో చిన్నవారు, ఆ సంఘానికి కొత్తగా వచ్చారు. ఇంట్లోవాళ్లు ఏం చెబితే అది చెప్పి ఉంటారు. చీమల సంగతి నాకు తెలియదు గాని ఆవిడ చంపిన దోమలకి లెక్కలేదు. ఆవిడ చేత దెబ్బలు తిన్న మనుషులు ఆ గుంపులోనే కొందరు ఉన్నారు.

నా వెనక నిలబడ్డ ఒక ముసలాయన, "ఈయన ఆవిణ్ణి చూడలేదులెండి" అన్నాడు, నలుగురికీ వినపడేలా. ముందు వరసలోవాళ్లు తిరిగి చూశారు. ఆయన చేతికర్ర నేలకి ఆనించి ఎటో చూస్తూ నిలబడ్డాడు. ఆయనెవరో చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

ఎనభైలలో మేమిద్దరం బాపట్లలో ఒకే కాలేజీలో పనిచేశాం. అక్కడ వ్యవసాయానికి సంబంధించి బోధించనిదీ పరిశోధించనిదీ అంటూ ఏమీ ఉండేది కాదు. మట్టికి ఒక బిల్డింగు, విత్తనాలకి ఒకటి, యంత్రాలకి ఒకటి, గేదెలకి ఒకటి, చివరికి రైతుతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి కూడా ఒకటి. మా పురుగుల విభాగం అన్నిటికంటే వెనక, పశువుల కొట్టం దాటాక ఉండేది. నేను జూనియర్ లెక్చరర్ని. ఆవిడ మా అందరికంటే సీనియరు. పిల్లలు దోమల మేడం అనేవాళ్లు. ఆవిడకి తెలుసు.

మనిషి పొట్టి. మెడలో సన్నటి గొలుసుకి ఒక సిలువ, దాని పక్కనే దారంతో వేలాడే ఒక గాజు గొట్టం. గొట్టానికి రబ్బరు పైపు ఉండేది. పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే వరి మొదట్లో ఉన్న దోమ వచ్చి గాజు గొట్టంలో పడుతుంది. మధ్యలో పల్చటి గుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి నోట్లోకి రాదు. గుడ్డ చిరిగిన రోజున వచ్చేది. ఉమ్మేసి మళ్లీ పీల్చేది.

శనివారం సాయంత్రాలు ఇద్దరం బాపట్లలో రైలెక్కేవాళ్లం. నాది తెనాలి. ఆవిడ తెనాలిలో దిగి రేపల్లె పాసింజరు అందుకునేది. ఆ బండిలో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం అందరికీ అలవాటు. తువ్వాలు పడితే సీటు వాళ్లదే, ఎవరూ కాదనరు. ఆవిడ మాత్రం లోపలికి వెళ్లి మొదట కనపడ్డ తువ్వాలు తీసి అవతలి కిటికీలోంచి పట్టాల మీదకి పారేసి కూచునేది.

"ఏమ్మా, తువ్వాలు కనపళ్లా?" అని అరిచాడు ఒకతను.

"కనపడింది. అదిగో, పట్టాల మీదుంది. తెచ్చుకో."

"ఆడమనిషివని ఊరుకుంటన్నా."

"ఊరుకోమాకు. కూచో, మాట్లాడుకుందాం. ఓ, నీకు సీటు లేదు కదూ."

నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి బండి కదిలేదాకా చూసేవాణ్ణి, ఎవరైనా ఆవిణ్ణి కొడతారేమోనని కాదు.

ఆవిడ నిజంగా చెయ్యి చేసుకోవడం నేను మొదటిసారి చూసింది క్లాసులో. పిల్లలు ప్రాక్టికల్స్‌లో పురుగుల్ని చూసి బొమ్మలు గీసి రికార్డు పుస్తకం తయారుచేయాలి. ఎవరూ చూసేవాళ్లు కాదు. సీనియరు రికార్డు తెచ్చుకుని అందులో బొమ్మ దించేసేవాళ్లు. ఒకరోజు ముందు బెంచీ కుర్రాణ్ణి లేపి, "ఒరేయ్, సుడిదోమకి ఎన్ని కాళ్లురా?" అని అడిగింది.

"ఎనిమిది మేడం."

"నువ్వు చూశావా?"

"రికార్డులో ఉంది మేడం."

నిజంగానే ఉంది. ఎప్పుడో ఒక సీనియరు దోమ బదులు దాన్ని తినే సాలీడుని చూసి గీశాడు. ఆ తర్వాత ఏటేటా అందరూ అదే బొమ్మ దించుకుంటూ వచ్చారు. దిద్దిన లెక్చరర్లు కూడా కాళ్లు చూడలేదు. ఆవిడ ఆ కుర్రాణ్ణి చెంప మీద ఒకటి కొట్టింది. క్లాసు రికార్డులన్నీ తెప్పించి వరండా ముందు కుప్పపోసి అగ్గిపుల్ల గీసింది. పిల్లలు ఏడాది కష్టం కాలిపోతుంటే చూస్తూ నిలబడ్డారు. ఒక ఆడపిల్ల ఏడ్చింది.

మర్నాడు ఆ కుర్రాడి తండ్రి వచ్చాడు. ఆయన ప్లీడరు. "మావాణ్ణి కొట్టారటగా" అన్నాడు.

"కొట్టాను. దోమకీ సాలీడుకీ తేడా తెలియని వాడు రేపు ఊళ్లోకి పోయి మందు కొట్టమంటాడు. ఆ మందుకి సాలీళ్లు చస్తాయి. దోమ బతికిపోద్ది. రైతు పోతాడు. మీవాడికి ఒక చెంపదెబ్బతో పోయింది."

ప్లీడరుగారికి ఏం అర్థమైందో తెలియదు గాని లేచి వెళ్లిపోయాడు.

సుడిదోమ గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. అది వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుత్తులుగా పట్టి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగానే ఉంటుంది. ఒకరోజు పొలం మధ్యలో బండిచక్రమంత మేర గుండ్రంగా ఎండిపోతుంది. ఆ సుడులు పెరిగి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. వారం తిరిగేసరికి పొలమంతా నిప్పంటించినట్టు ఉంటుంది. దాన్ని ముందే చూడాలంటే గట్టు దిగి, దుబ్బులు పాయతీసి, నడుం వంచి చూడాలి. అందుకే ఆవిడ ఎవరేం చెప్పినా ఒకటే అడిగేది. "వంగి చూశావా?" రైతులనీ అలాగే అడిగేది, హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసర్లనీ అలాగే అడిగేది. వంగకపోతే మెడ మీద చెయ్యి వేసి వంచేది. మా చేతికింద పిల్లలందరికీ ఆ చెయ్యి తెలుసు.

దోమ బాగా ముదిరిన ఏడు బాపట్ల నుంచి రేపల్లె వెళ్లే దారిలో, కాలవ మీద ఉన్న ఒక ఊరికి వెళ్లాం. మేం వెళ్లేసరికి కళ్లం దగ్గర జనం మూగి ఉన్నారు. ఒక కౌలురైతు పొలం పోయిందని పురుగుమందు తాగాడు. ఆవిడ జనాన్ని తోసుకుని వెళ్లి అతని పక్కన బురదలో కూచుని దవడలు విడదీసి గొంతులో వేళ్లు పెట్టింది. అతను కొరికాడు. ఆవిడ వేలు తీయలేదు. రెండో చేత్తో రెండు చెంపలూ వాయించింది.

"లేవయ్యా! దోమకి చస్తావా? ఇంత మనిషివి, దోమకా?"

జీపులో పడుకోబెట్టి తీసుకెళుతుంటే దారిలోనే పోయాడు. పోయాక కూడా ఆవిడ కొడుతూనే ఉంది. నేను చెయ్యి పట్టుకుంటే ఆగింది. ఆ వేలి మీద అతని పళ్ల గాటు చివరిదాకా ఉండిపోయింది. అతని భార్య తర్వాత పుట్టింటికి పోయి దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ములు ఏరే పనికి కుదిరింది. మేడం అటు వెళ్లినప్పుడల్లా ఆమెని చూసి వచ్చేది. ఏం మాట్లాడుకునేవారో చెప్పలేదు.

అతను పోయిన మర్నాడే ఆవిడ నన్ను మళ్లీ ఆ ఊరు బయల్దేరదీసింది. కౌలుకిచ్చిన ఆసామి గట్టు మీద ఉన్నాడు. ఊళ్లో పెద్ద కమతం ఆయనది. చనిపోయిన మనిషికి ఏ మందు కొట్టాలో చెప్పింది ఆయనే. తన పొలానికీ అదే కొట్టాడు.

"ఇంకో రకం మందొచ్చిందంటండి. గుంటూరు నుంచి తెప్పిస్తన్నా" అన్నాడు నాతో, ఆవిణ్ణి చూడకుండా.

"వంగి చూశావా?" అంది ఆవిడ.

"చూసేదేంటమ్మా, నేను పుట్టిందే ఈ గట్టు మీద."

"పుట్టిన చోటే నిలబడ్డావు. దిగు. వంగు."

ఆయన నవ్వాడు. ఆవిడ గట్టు మీంచి ఒక్క అడుగు వేసి ఆయన మెడ పట్టుకుని పొలంలోకి దించి, తల దుబ్బుల మధ్యకి వంచింది. గోళ్లు దిగాయి. ఆయన కండువా జారి నీళ్లలో పడింది. "చూడు, దోమలు. ఎన్నున్నాయో చూడు. ఒక్క సాలీడుందా? నువ్వు చంపించావు వాటిని. ఆ మనిషినీ నువ్వే చంపావు" అంది.

గట్టున గడ్డి కోస్తున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన లేచి, ముఖం మీద బురద తుడుచుకోకుండా ఆ నవ్విన వైపు చూశాడు. తర్వాత ఆవిడ మెడలో సిలువ చూశాడు. కండువా అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

కాలేజీ వెనక వలలు కప్పిన షెడ్డు ఒకటి ఉండేది. అందులో ఆవిడ సుడిదోమలని కుండీల్లో పెంచేది. రేకు ట్రేలలో ఒక్కో వరసకి ఒక్కో రకం వరి మొలిపించి, దోమల్ని వాటి మీదకి వదిలేది. వరసలన్నీ ఎండిపోయాక ఏదైనా ఒకటి నిలబడితే, దోమ తినలేని వరి దొరికినట్టు. అలాంటిది దొరికితే మందుతో పనిలేదు, మందు తాగే పనీ లేదు. ఎన్నో ఏళ్లుగా వదులుతోంది. ఏ వరసా నిలబడలేదు. ఆ ఏడు మన్యం వైపు నుంచి వచ్చిన ఒక పాత రకం మీద ఆవిడకి ఆశ ఉండేది. దాన్ని మొండిది అని పిలిచేది. ఆ గింజలు గుప్పెడే వచ్చాయి, అన్నీ ఆ ట్రేలోనే చల్లేసింది.

ఊళ్లలో వేరే మాట పుట్టింది. ఆ మేడం మన పొలాల్లోంచి దోమలు పీల్చుకుపోతోంది, కాలేజీలో పెంచుతోంది, పెంచి మళ్లీ మన మీదకి వదులుతోంది. మొదటి రెండూ నిజమే కాబట్టి మూడోది కూడా నిజమే అనుకున్నారు. రైతుల మీటింగులో ఒకాయన లేచి, "మీరు దోమలు పెంచుతున్నారంట, నిజమేనా అండి?" అని మర్యాదగానే అడిగాడు.

"పెంచుతున్నాను. మీరు మందు కొట్టి పెంచినన్ని నేను పెంచలేకపోతున్నాను" అంది. ఇంకెవరైనా అయితే లేదండి అని, తర్వాత వివరంగా చెప్పేవారు.

తర్వాతి ఆదివారం పొద్దున నేను అప్పుడే షెడ్డులోకి అడుగుపెట్టాను. ట్రేలలో దోమలు వదిలి వారం అయింది, ఇవాళో రేపో తేలిపోతుందని ఆ వారం ఇద్దరం ఇళ్లకి వెళ్లలేదు. ఆవిడ చర్చికి వెళ్లింది. అక్కణ్ణించి నేరుగా వస్తానంది. ట్రాక్టరు చప్పుడు విని బయటికి వస్తే, ట్రక్కు నిండా మనుషులు దిగుతున్నారు. కర్రలు, కిరసనాయిలు డబ్బా. ఇద్దరు నన్ను గోడకి అదిమి పట్టుకున్నారు. "మీతో మాకేం లేదండి, కదలమాకండి" అన్నాడు ఒకడు. తక్కినవాళ్లు వలలు చించడం మొదలుపెట్టారు. కుండీలు పగిలాయి. దోమలు పొగలా లేచాయి.

ఆవిడ తెల్లచీరతో, చేతిలో బైబిలు సంచితో గేటు దగ్గర కనపడింది. పరిగెత్తలేదు, అరవలేదు. వచ్చి గోడకి ఆనించి ఉన్న పార తీసుకుని, వల చించుతున్నవాడి పిక్క మీద కొట్టింది. వాడు కూలబడ్డాడు. రెండోవాడి భుజం మీద కొట్టింది. అప్పుడు వాళ్లు మీద పడ్డారు. ఎడమచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది. నోటి మీద కర్ర దెబ్బ తగిలింది. కళ్లజోడు ఎటో పోయింది. తెల్లచీర ముందంతా ఎర్రబడింది. ఆవిడ ఉమ్మింది. పళ్లు పడ్డాయి.

గుంపులోంచి ఆసామి ముందుకొచ్చి ఆవిడ మెడ వెనక పట్టుకున్నాడు.

"మొన్న నన్ను వంచావు కదే. ఇయ్యాళ నువ్వు వంగు. చూడు, నీ పిల్లల్ని చూసుకో. కడుపున పుట్టనోళ్లు కదా, కళ్లారా చూసుకో."

తల ట్రేలోకి అదిమాడు. ఆవిడ రక్తం రేకు మీద చుక్కలు చుక్కలుగా పడింది. కొంతసేపు ఆవిడ కదల్లేదు. ఊపిరాడటం లేదేమో అనుకున్నాను. నన్ను పట్టుకున్నవాళ్లు కూడా అటే చూస్తున్నారు.

"చూశావా?" అంది ఆవిడ. నోరు వాచి మాట సరిగ్గా రావడం లేదు.

"ఏంటే?"

"ఎటూ వంగావుగా. చూడు. అన్నీ పోయినయ్. అది పోలా."

ఆవిణ్ణి అదిమి పట్టడానికి ఆయన కూడా వంగాల్సి వచ్చింది. ఆయన ముఖం ఆవిడ ముఖం పక్కనే ఉంది. ట్రేలో వరసలన్నీ ఎండి గడ్డి రంగులో పడిపోయాయి. మధ్యలో ఒక్క వరస పచ్చగా నిలబడి ఉంది. దాని మీదా దోమలున్నాయి. పొలం చేసే మనిషి, ఎంత కోపంలో ఉన్నా, అది చూడకుండా ఉండలేడు. ఆయన చెయ్యి మెడ మీదే ఉంది గాని బిగువు పోయింది.

"అదేం రకం?" అన్నాడు.

అప్పటికే రెండో వైపు ఎవరో కిరసనాయిలు పోసి అంటించారు. ఆసామి "ఆపండ్రా!" అని కేకేశాడు. ఎవరికీ వినపడలేదు. నైలాను వలలు మండుతూ బొట్లు బొట్లుగా కారసాగాయి. ఆవిడ ఒక్క చేత్తో పచ్చ వరసని మట్టితో సహా పెళ్లగించి సంచిలో, బైబిలు మీదే వేసుకుంటోంది. ఒక మండే ముక్క ఆవిడ భుజం మీద పడింది. ఇంకోవైపు చూరు కూలుతోంది. ఆవిడ ఇంకా పెళ్లగిస్తూనే ఉంది. ఆసామి ఆవిడ భుజం మీద మంటని అరచేత్తో కొట్టి ఆర్పి, మెడ పట్టుకునే బయటికి ఈడ్చుకొచ్చాడు. మెడ మాత్రం వదల్లేదు. తర్వాత ట్రక్కెక్కి అందరూ వెళ్లిపోయారు. షెడ్డు కూలేదాకా నేను చూస్తూ ఉన్నాను.

తెనాలి ఆసుపత్రిలో ఎస్సై వచ్చి అడిగాడు. "ఎవరు కొట్టారమ్మా?"

"అందరూనండి."

"మెడ పట్టుకుందెవరు?"

"కళ్లజోడు పోయిందండి. కనపళ్లేదు."

ఆయన నా వైపు తిరిగేలోగా, "ఈయన్ని గోడ వైపు తిప్పి పట్టుకున్నారండి, ఈయనా చూళ్లేదు" అంది. ఆయన వెళ్లాక, ఎందుకలా చెప్పారని అడిగాను.

"వాడు జైలుకి పోతే నాకు పొలం ఎవడిస్తాడయ్యా?" అంది.

ఆ మొక్కల్ని ఆసుపత్రి కిటికీలో డొక్కు బకెట్లో పెట్టి బతికించింది. కంకి వేసి గింజ కట్టాక, ఇంకా సరిగా అతకని చేత్తో ఆ ఊరు వెళ్లింది. నేనూ వెళ్లాను. ఆసామి వీధి అరుగు మీద కూచుని ఉన్నాడు. లేవలేదు.

"నీ పొలంలో నడి మడి కావాలి. దోమ ఎక్కువ పట్టేది" అంది.

"కౌలేమిస్తావు?"

"పళ్లిచ్చాగా."

ఆయన అరుగు మీంచి లేచి, చెప్పులేసుకుని, ముందు నడిచాడు.

ఆ మడి నిలబడింది. చుట్టూ సుడులు పడి ఎండినా అది పచ్చగా ఉంది. గింజ మాత్రం లావు. ఆసామి వండించి ఒక ముద్ద తిని, మిగతాది గేదెకి పెట్టమన్నాడు. ఆవిడ బోసినోటితో నవ్వడం నేను అప్పుడే చూశాను. ఎవరూ ఆ వరి వేయలేదు. తర్వాత వేరేవాళ్లు దాన్ని సన్నరకంతో కలిపి, తొంభైలలో ఒక మంచి వంగడం తీశారు. ఇప్పుడు తెనాలి విత్తనాల షాపుల్లో దొరుకుతుంది. సంచి మీద ఆవిడ పేరు లేదు. ఆవిడకి ఆ పట్టింపూ లేదు. "దోమ మాత్రం ఊరుకుంటదా? ఇంకొన్నేళ్లకి దీన్నీ తింటది. ఇంకోటి చూసుకోవాలి" అనేది.

రిటైరై రేపల్లె వెళ్లిపోయాక కూడా పంట కాలంలో బస్సెక్కి ఆ పొలానికి వచ్చేది. గట్టు మీద ఇద్దరూ తిట్టుకునేవారు.

"ఇంకా చావలా నువ్వు?" అనేవాడు ఆయన.

"నువ్వు పోయాకే" అనేది.

ఆయన ఆ రోజుకి క్షమించమని అడగలేదు. ఆవిడా గట్టు మీద చేసినదానికి అడగలేదు. చనిపోయిన కౌలురైతు పొలం ఆసామి ఇంకెవరికీ కౌలుకివ్వలేదని మాత్రం విన్నాను.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వెళ్లి, నిలబడి, గుప్పెడు మట్టి గోతిలో వేసి వచ్చారు. నేనూ వేశాను. నా వెనక ముసలాయన వచ్చాడు. మట్టి తీసుకోలేదు. కర్ర పక్కన పడేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, మెల్లిగా నడుం వంచి గోతిలోకి చూశాడు. కండువా జారి పెట్టె మీద పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన చాలాసేపు అలాగే ఉన్నాడు. పాస్టరుగారు కంగారుపడి భుజం పట్టుకోబోయారు.

"తాతగారూ, పడతారండి. లేవండి."

"ఉండు బాబూ" అన్నాడు ఆయన తలెత్తకుండా. "చూడనీ."